మహమ్మారి డ్యూటీలో ఒత్తిడిని ఎక్కడికక్కడే దించుకోవడం ఎలా? సిస్టర్ల కోసం

2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ కరోనా కేసులు మన కర్నూలు జిల్లాలోనే. నంద్యాల అప్పటికింకా మన జిల్లానే. మార్చి 22న జనం చప్పట్లు కొట్టారు, ఏప్రిల్ 5న దీపాలు పెట్టారు, సిస్టర్లు దేవతలన్నారు. దేవతకు దాహం వేయదు, నెలసరి రాదు, అద్దె ఇంటి ఓనరుండడు. మనకు ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఇది రాస్తున్నా.

ఆ రోజుల్లో ఎవర్ని కదిలించినా ‘ధైర్యంగా ఉండమ్మా’ అనేవాళ్లు. ఎట్లా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది ఇంతే: ఇంటి దగ్గర మొదలయ్యే ఒత్తిడి వేరు, పీపీఈ కిట్టులో (ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తుల్లో) పుట్టేది వేరు, పేషెంటు తరఫువాళ్ల ముందు నిలబడినప్పుడు వచ్చేది వేరు, చావు చూసినప్పుడు వచ్చేది వేరు. అన్నీ కలిపి ఒకే మూటగా మోస్తే నడుము విరుగుతుంది. దేన్ని ఎక్కడ దించాలో అక్కడ దించితే మోయగలం. ఇంజెక్షన్ వేయడానికి, కెథటర్ పెట్టడానికి ఒక పద్ధతి నేర్చుకున్నాం కదా, దీనికీ ఒక పద్ధతి ఉంది. కరోనా పోయినా ఇంకోటి రాదని లేదు. అనంతపురం, కడప సిస్టర్లకైనా మనకైనా ఎండ ఒకటే, వార్డు ఒకటే.

డ్యూటీ పడిన రోజే ఇంటి సంగతి తేల్చుకోండి

కోవిడ్ వార్డుకు మీ పేరు పడిందని తెలిశాక చేయాల్సిన మొదటి పని, ఆ సాయంత్రమే ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడటం. వార్డులో చేయి వణికే సిస్టరును అడిగి చూడండి. వైరస్ కంటే ఇంట్లో షుగరున్న అత్తమ్మ గురించి, పాలు మాన్పించని బిడ్డ గురించి భయపడుతూ ఉంటుంది.

నాలుగు సంగతులు తేలాలి. పిల్లలు ఎవరి దగ్గరుంటారు? మీరు ఎక్కడుంటారు, ఇంట్లోనే వేరే గదిలోనా, హాస్టల్లోనా, ఆసుపత్రి చూపించే చోటనా? మీకే జ్వరం వస్తే ఇంట్లో ఎవరు ఏం చేయాలి? డబ్బు, గ్యాసు, పెద్దవాళ్ల మందులు చూసేది ఎవరు? జవాబులు కాగితం మీద రాసి వంటగది తలుపుకు అంటించండి. లేకుంటే వార్డులో ఉండగా ‘గ్యాసు అయిపోయింది, ఎవరికి చెప్పాల?’ అని ఫోను వస్తుంది.

బిడ్డకు తేదీ చెప్పకండి, టైమ్ చెప్పండి. ‘ఆదివారం వస్తానమ్మా’ అని రాలేకపోతే బిడ్డ ఏడుస్తుంది, ఆ ఏడుపు మీతోపాటు వార్డులోకి వస్తుంది. ‘రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తా’ అన్న మాటైతే నిలబెట్టుకోవచ్చు. నైట్ డ్యూటీ ఉన్న వారం ఆ టైము మారుతుందని ముందే చెప్పండి.

ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే, బావి దగ్గరకో నీళ్ల ట్యాంకు దగ్గరకో రావద్దంటే, ఒక్కరే బతిమాలుకుంటూ కూర్చోకండి. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించారు. ఏప్రిల్ 22న ఆర్డినెన్సు వచ్చింది, సెప్టెంబరులో చట్టమైంది. అంటువ్యాధి రోజుల్లో వైద్య సిబ్బందిని కొట్టడం ఒక్కటే నేరం అనుకోకండి. వాళ్ల బతుకుకు, పనికి అడ్డం వచ్చేలా వేధించడమూ దాని కింద నేరమే. మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. బెయిలు హక్కుగా దొరికే కేసు కాదు. ఈ సంగతి ఓనరుకు మీరు చెప్తే గొడవ, ఆసుపత్రి ఆఫీసు నుంచి ఒక ఫోన్ వెళ్తే మర్యాద. అందుకని ముందు నర్సింగ్ సూపరింటెండెంటుకు కాగితం రాసివ్వండి.

కిట్టు వేసుకునే ముందు ఒంటిని చూసుకోండి

కర్నూల్లో మే నెలంటే 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో, ఫ్యాను గాలి కూడా తగలని పీపీఈ కిట్టులో ఆరేడు గంటలు. బాత్రూంకు పోవాలంటే కిట్టంతా విప్పాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్లు మానేసే సిస్టర్లు ఎందరో. మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ఊరికే చిరాకు పుడుతుంది. అంతా టెన్షన్ అనుకుంటారు, చాలాసార్లు అది వట్టి దాహమే. పైగా మూత్రంలో మంట బహుమానం.

డ్యూటీకి రెండు గంటల ముందు నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ రండి. నీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, బాగా చెమట పట్టే రోజుల్లో ఓఆర్ఎస్. కిట్టు వేసుకునే ముందు దాహం లేకపోయినా ఒక గ్లాసు తాగి, అవసరం లేకపోయినా బాత్రూంకు వెళ్లిరండి. ఖాళీ కడుపుతో కిట్టెక్కకండి, కళ్లు తిరుగుతాయి. రాగి జావ, ఇడ్లీ, పెరుగన్నం ఏదైనా సరే. ఉగ్గాని బజ్జీ మనకు ప్రాణమే, కానీ ఎన్95 మాస్కులో మిరపకాయ బజ్జీ త్రేన్పు వస్తే మళ్లీ దాన్ని మీరే పీల్చుకోవాల.

నెలసరి రోజుల్లో కిట్టు డ్యూటీ తగ్గించమనో, మధ్యలో ఒకసారి విడిపించమనో ఇన్‌ఛార్జి సిస్టరును ముందే అడగండి. అడగలేక ఓర్చుకుని, అదే కిట్టులో కూలబడితే అందరికీ ఇబ్బంది.

ఇక కిట్టు విప్పేటప్పుడు. ఒళ్లు అలిసిపోయి, ఎప్పుడు ముఖానికి గాలి తగులుతుందా అని ఆత్రపడే క్షణమది. అంటుకునే ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. ఒక్కరే విప్పకండి. ఇంకొకరు ఎదురుగా నిలబడి, గోడకున్న చార్టు చూస్తూ, ఒక్కో అంచె గట్టిగా చదవాలి: గ్లౌజులు, చేతులకు శానిటైజర్, గాగుల్స్, మళ్లీ శానిటైజర్... మీ ఆసుపత్రి చార్టులో వరుస ఎలా ఉంటే అలా. మాస్కు మాత్రం చివర్లో, వార్డు బయటికి వచ్చాకే. అయిపోయాక ఎదుటి మనిషి ‘సరిగ్గా విప్పినావు’ అని నోటితో చెప్పాలి. రాత్రి పడుకున్నాక ‘గాగుల్స్ తీసేటప్పుడు ముఖం తాకినానా?’ అని పీకే అనుమానానికి జవాబు ఆ మాటే. ఆ అనుమానంతో ఎన్ని నిద్రలు పోయాయో లెక్కలేదు.

వార్డులో ఉండగా గుండె దడ పుడితే

ఒకేసారి మూడు మానిటర్లు మోగుతాయి, సిలిండరు మారుస్తున్న చోట అరుపులు, ఇంకో బెడ్డు మీద పెద్దాయన మాస్కు పీకేస్తాడు. అప్పుడు ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అని ఎవరైనా చెప్తే వాళ్లు ఎన్95 పెట్టుకోలేదని అర్థం. ఆ మాస్కులో గట్టిగా పీలిస్తే ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పీల్చడం మామూలుగా ఉండనీయండి, వదలడం మాత్రం నెమ్మదిగా, పొడుగ్గా. దీనికి వేరే టైము దొరకదు కాబట్టి శానిటైజరుకు ముడిపెట్టండి. చేతులు రుద్దడానికి ఎలాగూ 20 నుంచి 30 సెకన్లు కావాలి. ఆ రుద్దే సేపు కాళ్లు రెండూ నేల మీద గట్టిగా ఆనించి, నాలుగైదు సార్లు మెల్లగా ఊపిరి వదలండి. ప్రతి పేషెంటుకూ ముందూ వెనకా చేతులు రుద్దుతాం, అంటే డ్యూటీలో ఎన్నోసార్లు ఒంటికి ఆ విరామం దొరుకుతుంది.

తర్వాత వార్డంతా చూడకండి, ఒక బెడ్డు చూడండి. ఊపిరి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పైపు ఊడిందా, బోర్లా పడుకోబెట్టాలా. ఆ బెడ్డు అయ్యాక పక్కది. చేసే పనిని చిన్నగా నోటితో చెప్పుకుంటూ చేస్తే (‘ఫ్లో చూసినా, బ్యాగు నిండింది, డాక్టరుకు చెప్తాండా’) మనసు చేతి వెంట వస్తుంది. పక్క సిస్టరుకూ మీరేం చేస్తున్నారో తెలుస్తుంది.

పేషెంటు తరఫువాళ్లతో మాట్లాడేటప్పుడు

లోపలికి రానివ్వరు, చూడనివ్వరు, ఫోనులో మనిషి మాట్లాడలేడు. గేటు బయట నిలబడిన కొడుకు కోపం కర్నూలు ఎండలాగే ఉంటుంది, ఎవరి మీద పడాలో దానికి తెలియదు. ఆ పూట కిట్టు విప్పి బయటికొచ్చింది మీరైతే మీ మీద పడుతుంది.

అందుకని మాటలు ముందే సిద్ధం చేసుకోండి. ‘ఏం కాదులేన్నా, బాగైపోతాడు’ అని ఎప్పుడూ అనకండి. ఆ పూటకు వాళ్లు ఊరుకుంటారు, రేపు ఏమైనా అయితే ఆ మాటే మీ గొంతు పట్టుకుంటుంది. కనపడినంతే చెప్పండి. ‘సిస్టరమ్మా, మా నాయనకు ఎట్లుంది? నిజం చెప్పు’ అని అడిగితే ఇలా:

‘పెద్దాయనకు పొద్దున శాచురేషన్ 86 ఉండె అన్నా. ఇప్పుడు మాస్కు మీద 91 ఉంది. రెండు ఇడ్లీలు తిన్న్యాడు. ఇంగా ఆక్సిజన్ కావాల. సాయంత్రం ఆరుకు డాక్టరు గారు మాట్లాడతారు, ఆ టైముకు ఫోను దగ్గర పెట్టుకోండి.’

అంకె, తిండి, డాక్టరు మాట్లాడే టైము. ఈ మూడూ ఉంటే చాలామంది తగ్గుతారు. రోజుకు ఒక టైము పెట్టి ఆ టైముకే చెప్పే పద్ధతి వార్డు మొత్తానికి ఉంటే ఇంకా మేలు, గంటకొకసారి గేటు దగ్గర గుంపు కట్టరు. చనిపోయారన్న మాట డాక్టరు చెప్పాల్సిందే. మిమ్మల్ని ఒంటరిగా పంపిస్తుంటే ‘సార్, మీరు చెప్పండి, నేను పక్కన నిలబడతా’ అనండి. మర్యాదగా అనొచ్చు, అనాలి కూడా.

గొంతు పెరిగి చేయి లేచేలా ఉంటే వాదించకండి. తలుపు మీ వెనక ఉండేలా నిలబడి, వెనక్కి తగ్గి, సెక్యూరిటీని, డ్యూటీ డాక్టరును పిలవండి. ఆ రోజే రాసివ్వండి. పైన చెప్పిన చట్టం పనికొచ్చేది కాగితం ఉన్నప్పుడే.

ఆ పూట చావు చూసినాక

దీన్ని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే దీన్నే అందరూ దాటేస్తారు.

మామూలు రోజుల్లో చావు చుట్టూ మనుషులుంటారు. ఏడుస్తారు, నోట్లో నీళ్లు పోస్తారు, మనం పక్కకు తప్పుకుంటాం. మహమ్మారిలో ఆ చివరి మనిషి సిస్టరే అవుతుంది. ముఖం కూడా కనపడని సిస్టరు. కూతురు ఫోనులో ‘ఒక్కసారి మా అమ్మ చెవి దగ్గర పెట్టు’ అని అడుగుతుంది. వీలైతే పెట్టండి. స్పీకరు ఆన్ చేసి, కవరు కట్టిన ఫోను చెవి దగ్గర పెట్టి, చేయి పట్టుకుని నిలబడండి. రెండు నిమిషాల పని. అది చేయగలిగిన సిస్టర్లు ఆ చావును కొంచెం తేలిగ్గా మోశారని, చేయలేకపోయినవాళ్లకు అదే ముల్లులా మిగిలిందని నేను చూసినంతలో చెప్పగలను.

తర్వాత శరీరాన్ని చుట్టడం. ఒక్కరే చేయకండి, ఇద్దరుండండి. మొదలుపెట్టే ముందు అర నిమిషం ఆగి, పేరు ఒకసారి పలకండి. మీరు దండం పెట్టుకునేవాళ్లయితే దండం, దువా చదివేవాళ్లయితే దువా, ప్రార్థన చేసేవాళ్లయితే ప్రార్థన. మన వార్డుల్లో అన్ని రకాల సిస్టర్లూ ఉన్నారు, ఆ అర నిమిషం ఎవరిది వాళ్లది. తర్వాత బెడ్డు నంబరుతో కాకుండా పేరుతోనే రిజిస్టరులో రాయండి.

డ్యూటీ దిగాక ఒక చిన్న నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోండి. పేషెంటు పేరు, గుర్తులు వద్దు. ఒకటి, నేను చేసింది. రెండు, చేయాలనుకుని చేయలేకపోయింది. మూడు, నా చేతిలో లేనిది. 2021 ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు బెడ్డు, ఆక్సిజన్ దొరక్క జనం అల్లాడారు. బెడ్డు లేదని చెప్పాల్సి వచ్చిన సిస్టరు ఆ లేమిని తన పాపంగా ఇంటికి మోసుకుపోయింది. రాసి చూస్తే మూడో వరుసే పొడుగ్గా ఉంటుంది. అది మీ వరుస కాదు, పైవాళ్లది. దాన్ని ఏం చేయాలో కింద చెప్తా. రెండో వరుసలో నిజంగా నేర్చుకోవాల్సింది ఉంటే సీనియర్ సిస్టరును అడిగి నేర్చుకోండి, అంతటితో ఆ వరుస కొట్టేయండి.

ఇంకో మాట. ‘జరిగిందంతా ఇప్పుడే కూర్చుని చెప్పేయ్, తేలికవుతావు’ అని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఘోరం జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒకసారి చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. చెప్పాలనిపిస్తే వినండి. లేదంటే టీ ఇచ్చి పక్కన కూర్చోండి.

లేనిదాన్ని మోయకండి, రాసివ్వండి

గ్లౌజులు తక్కువ, సిలిండరు మార్చడానికి మనిషి లేడు, నైటులో ముగ్గురు ఉండాల్సిన చోట ఒక్కరే. ఇవి రోజూ మనసులో తిట్టుకుంటూ ఉంటే ఒళ్లు తినేస్తాయి. రిపోర్టు బుక్కులో తేదీ, టైము, బెడ్ల సంఖ్య, సిస్టర్ల సంఖ్య, ఏది లేదో రాసి సంతకం చేయండి, హ్యాండోవరులో గట్టిగా చదివి వినిపించండి. కోపం మాటలు వద్దు, అంకెలు చాలు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిస్టర్లు ఒంటరిగా సంతకం పెట్టడానికి భయపడతారు, వాళ్ల భయం ఉత్తదేం కాదు. అందుకే వార్డు మొత్తం కలిసి ఒకే కాగితం మీద పెట్టాలి, రెగ్యులర్ సిస్టర్ల సంతకాలు పైన ఉండాలి. రాసినంత మాత్రాన సిలిండరు రాదు, నాకూ తెలుసు. కానీ రేపు విచారణ అంటే ఆ పేజీ మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంటికొచ్చాక, తిండి, నిద్ర

స్నానం, తిండి, ఆ తర్వాతే ఫోను. వాట్సాప్ గ్రూపులో చావుల లెక్కలు, టీవీలో అవే లెక్కలు. రోజంతా చూసొచ్చినదాన్ని మళ్లీ ఎందుకు చూడాల? వార్డు గ్రూపులో డ్యూటీ చార్టు ఉంటుంది కాబట్టి అదొక్కటి ఉంచి, మిగతా గ్రూపులన్నీ మ్యూట్ చేయండి.

నైట్ డ్యూటీ మొదలయ్యే రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. అర్ధరాత్రి దాటాక టీ, కాఫీ తగ్గించండి, పొద్దున ఆరుకు తాగిన టీ పదింటికి మిమ్మల్ని నిద్రపోనివ్వదు. ఇంటికి పోయాక కిటికీకి దుప్పటి కట్టైనా గది చీకటి చేయండి. ‘సిస్టర్ నిద్రపోతోంది, రెండు దాకా పిలవద్దు’ అని తలుపు మీద రాయండి. బంధువులు నవ్వినా పర్వాలేదు. ఇన్‌ఛార్జి ఒప్పుకుంటే వార్డులోనే వంతులవారీగా అరగంట కునుకు తీయడం తప్పు కాదు.

నిద్ర పట్టడం లేదని చేతికి అందుబాటులో ఉన్న ఆల్ప్రజోలం మాత్ర వేసుకోవద్దు. మందులు మన చేతిలోనే ఉంటాయి, డోసు మనకు తెలుసు, ఆ తెలివే ముంచుతుంది. బ్రదర్స్‌కు (మగ నర్సులకు) కూడా ఒక మాట: డ్యూటీ దిగాక క్వార్టరుతో వచ్చే నిద్ర తెల్లవారుజామున మూడింటికే లేపుతుంది.

ఒక జంట పెట్టుకోండి

ఒకే షిఫ్టులో ఉన్న ఒక సిస్టరుతో ముందే మాట పెట్టుకోండి. డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అడగాల్సినవి మూడే: తిన్న్యావా? నిద్రపోయినావా? ఇంటికి ఫోన్ చేసినావా? వరుసగా రెండు రోజులు ‘లేదు’ అంటే, ఆమె తరఫున మీరే ఇన్‌ఛార్జికి చెప్పండి. ఆమె వద్దన్నా చెప్పండి. ఇది ముందే ఒప్పందంలో ఉండాలి.

సాయం అడగాల్సిన గుర్తులు

అలసట, ఏడుపు, విసుగు ఇవన్నీ ఆ రోజుల్లో మామూలు. రెండు వారాలు దాటినా దేని మీదా మనసు పోకపోవడం, పేషెంటును చూస్తే జాలికి బదులు కసి పుట్టడం, డ్యూటీకి బస్సెక్కగానే కడుపులో తిప్పడం, నిద్రలో మానిటరు మోత వినపడి లేవడం ఉంటే మాత్రం చూపించుకోవాలి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు చూడొద్దు, ఆ రోజే, ఆ గంటలోనే.

టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మన మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది కానీ ‘ఆడ మనోళ్లే చీటీ రాస్తారు, వార్డంతా తెలిసిపోతుంది’ అని సిస్టర్లు వెనకాడతారు. అట్లనిపిస్తే ఫోనుతోనే మొదలుపెట్టండి. లేకుంటే పక్క జిల్లాలో చూపించుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ సంగతి గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత, మీ హక్కు.

మీకే పాజిటివ్ వచ్చి మంచమెక్కితే, ‘అందరూ అక్కడ కష్టపడుతుంటే నేను పడుకున్నా’ అనే ఆలోచన తప్పకుండా వస్తుంది. రానీండి. జ్వరం చార్టు రాసుకోండి, సిక్ లీవు కాగితం ఎవరితోనైనా పంపండి, వార్డు ఫోన్లు ఎత్తకండి.

ఇన్‌ఛార్జి సిస్టర్లకు

డ్యూటీ చార్టు మీ చేతిలో ఉంది కాబట్టి, చెప్పినవాటిలో సగం మీ పెన్నుతోనే తీరతాయి. ఐసీయూలో ఒకే సిస్టరును వారాల తరబడి ఉంచకండి, మధ్యలో తేలిక వార్డుకు మార్చండి. కొత్తగా చేరిన పిల్లను మొదటి నైటు ఒంటరిగా వేయకండి. వార్డులో రెండు మూడు చావులు చూసిన సిస్టరుకు మరుసటి రోజు గేటు దగ్గర మాట్లాడే పని ఇవ్వొద్దు. వేవ్ తగ్గాక అందరికీ ఒకేసారి సెలవు ఇవ్వలేరు, కాబట్టి ఎవరికి ఎప్పుడో కేసులు ఎక్కువగా ఉన్నప్పుడే రాసి గోడకు పెట్టండి. తేదీ దూరంగా ఉన్నా సరే, పేరు కనపడాలి. ఆ సెలవు నుంచి వచ్చాక కూడా, నెలల తర్వాతైనా, మానిటరు మోగితే ఉలిక్కిపడే సిస్టర్లుంటారు. వాళ్లను పక్కకు పిలిచి 14416 చేతికివ్వండి. చార్టులో ఆ వారం మార్నింగ్ డ్యూటీ వేయండి.